‘ఈజీ ప్లే’ గిటార్ నిజంగా ఈజీయేనా? నాలుగు ఏటీఎం కార్డులతో తేలిన సంగతి

ఫోన్ బాక్స్ మీద ‘108 మెగాపిక్సెల్’ అని పెద్దక్షరాల్లో రాస్తే, సెన్సర్ సైజ్ ఎంత, ఓఐఎస్ ఉందా లేదా అని అడిగే బ్యాచ్ మనది. ‘5000 ఎంఏహెచ్’ అంటే స్క్రీన్ ఆన్ టైమ్ ఎంతొచ్చిందో చూడకుండా నమ్మం. ఇంత తెలివి ఉన్న నేను, గిటార్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ఈజీ ప్లే’ అన్న రెండు ముక్కలు చూసి 8,499 రూపాయలు కట్టేశాను.

గిటార్ నాక్కాదు, మా చెల్లికి. తను విశాఖపట్నంలో బీటెక్ రెండో సంవత్సరం, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. పుట్టినరోజుకి ఏం కావాలంటే ‘గిటార్ నేర్చుకుంటా అన్నయ్యా’ అంది. ఆన్‌లైన్‌లో వెతికితే ఒక అకౌస్టిక్ గిటార్ పేజీలో వరసగా ఇవీ లైన్లు: బిగినర్స్ కోసం ప్రత్యేకంగా, అల్ట్రా లో యాక్షన్, స్లిమ్ నెక్, కోటెడ్ స్ట్రింగ్స్, వేళ్లకి నొప్పి ఉండదు. ఇంకేం కావాలి? ఆర్డర్ పెట్టేశా.

ఆరు వారాల తర్వాత ఇంటికి వెళ్తే గిటార్ బీరువా మీద ఉంది, కవర్ జిప్ వేసి. అడిగితే చెల్లి తన ఎడమ చెయ్యి చూపించి ‘నా వేళ్లు దీనికి పనికిరావులే అన్నయ్యా. ఈజీ గిటారే నొక్కలేకపోతే ఇంక మామూలుది ఏం వాయిస్తా?’ అంది.

ఈ ఆర్టికల్ రాయడానికి కారణం ఆ మాటే. ఫోన్ కెమెరా బాలేకపోతే మనం కంపెనీని తిడతాం. గిటార్ మీద ‘ఈజీ’ అని రాసి ఉండి అది కష్టంగా ఉంటే మాత్రం మనల్ని మనమే తిట్టుకుంటాం. ఈ మార్కెటింగ్‌లో నాకు నచ్చనిది అదే. డబ్బులు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. కానీ నేర్చుకునేవాళ్లు ‘లోపం నాలోనే ఉంది’ అనుకుని ఆపేస్తారు.

సరే, ఇప్పుడు ఒక్కో క్లెయిమ్‌నీ స్పెక్ షీట్ చదివినట్టు చదువుదాం.

అసలు ‘ఈజీ’ అంటే ఏంటి?

వీణకి మెట్లు ఉంటాయి కదా, గిటార్‌లో వాటినే ఫ్రెట్లు అంటారు. తీగని వేలితో నొక్కితే అది ఫ్రెట్‌ని తాకాలి. అలా తాకించడానికి ఎంత బలం కావాలి అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. ఇది మూడు విషయాల మీద ఆధారపడి ఉంటుంది: తీగ ఎంత బిగువుగా ఉంది, ఫ్రెట్‌కి ఎంత ఎత్తులో ఉంది, మనం నొక్కే చోటు తీగ చివరికి ఎంత దగ్గరగా ఉంది. ఇంటర్ ఫిజిక్స్ గుర్తుంటే చాలు, ఇది పెద్ద రాకెట్ సైన్స్ కాదు.

తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఉండే ఎత్తునే ‘యాక్షన్’ అంటారు. దీన్ని మామూలుగా 12వ ఫ్రెట్ దగ్గర కొలుస్తారు. స్టీల్ తీగల అకౌస్టిక్ గిటార్‌లో లావు తీగ, అంటే ఆరో తీగ కింద సుమారు 2.4 మిల్లీమీటర్లు, సన్న తీగ, అంటే ఒకటో తీగ కింద 2 మిల్లీమీటర్ల లోపు ఉంటే చాలామందికి హాయిగా ఉంటుంది. 3 దాటితే కొత్తవాళ్లకి ఇబ్బంది మొదలవుతుంది.

మరి ‘అల్ట్రా లో యాక్షన్’ అని రాసిన ఆ పేజీలో ఎన్ని మిల్లీమీటర్లో రాశారా? లేదు. మళ్లీ వెళ్లి కింద దాకా స్క్రోల్ చేసి చూశాను. గిటార్ రంగు, బరువు, బ్యాగ్‌లో ఎన్ని పిక్స్ ఇస్తారు, అన్నీ ఉన్నాయి. అసలు నంబర్ మాత్రం లేదు. ‘ఫాస్ట్ చార్జింగ్’ అని రాసి వాట్స్ రాయకపోతే మనం ఊరుకుంటామా?

ఏటీఎం కార్డుల టెస్ట్

ఇంట్లో గేజ్ లేదు. అప్పుడు ఒక విషయం గుర్తొచ్చింది. బ్యాంకు కార్డులన్నీ ప్రపంచమంతా ఒకే స్టాండర్డ్ ప్రకారం తయారవుతాయి, మందం 0.76 మిల్లీమీటర్లు. అంటే మూడు కార్డులు కలిపితే 2.28, నాలుగు కలిపితే 3.04. ఉబ్బెత్తు అంకెలు లేని నున్నటి కార్డులు తీసుకోవాలి, అంతే.

నాన్నవి, అమ్మవి, నావి కలిపి కార్డులు పోగేసి 12వ ఫ్రెట్ మీద పెట్టి ఆరో తీగ కిందకి జరిపాను. మూడు కార్డులు వెళ్లాయి. నాలుగూ వెళ్లాయి, తీగ కదలకుండా. ‘అల్ట్రా లో’ అన్న గిటార్‌లో తీగ 3 మిల్లీమీటర్ల పైనే ఉంది. తర్వాత స్టీల్ స్కేల్ కొని కొలిస్తే 3.5 వచ్చింది.

అయితే అసలు దోషి అది కూడా కాదు. తర్వాత సంగతి చదవండి.

నంబర్ 12వ ఫ్రెట్ దగ్గర, నొప్పి మొదటి ఫ్రెట్ దగ్గర

కొత్తగా నేర్చుకునేవాళ్లు 12వ ఫ్రెట్ దాకా ఎక్కడ వెళ్తారు? మొదటి మూడు ఫ్రెట్ల దగ్గరే ఆర్నెల్లు గడుస్తాయి. అక్కడ తీగ ఎత్తుని నిర్ణయించేది ‘నట్’, అంటే గిటార్ తల దగ్గర తీగలు కూర్చునే గాళ్లున్న తెల్లటి ముక్క. ఆ గాళ్లు సరిపడా లోతుగా తీయకపోతే మొదటి ఫ్రెట్ దగ్గర తీగ పైకి లేచి ఉంటుంది. లోతుగా తీయడం చేతిపని, టైమ్ పడుతుంది. ఎక్కువ లోతు పోతే తీగ ఫ్రెట్‌కి తగిలి జర్రుమంటుంది, కస్టమర్ రిటర్న్ పెడతాడు. అందుకే చవక గిటార్లలో నట్‌ని కాస్త ఎత్తుగానే వదిలేయడం మామూలు.

దీనికి లెక్క వేసి చూశాను. ఫుల్ సైజ్ గిటార్‌లో నట్ నుంచి బ్రిడ్జ్ మీది సాడిల్ దాకా తీగ పొడవు సుమారు 648 మిల్లీమీటర్లు. నట్‌కీ మొదటి ఫ్రెట్‌కీ మధ్య దూరం సుమారు 36 మాత్రమే. మామూలు ‘లైట్’ సెట్‌లో, అంటే 12 గేజ్ సెట్‌లో, ఒకటో తీగ బిగువు దాదాపు 10.5 కిలోలు. ఈ లెక్కన:

మొదటి ఫ్రెట్ దగ్గర తీగ 0.8 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే, దాన్ని ఫ్రెట్‌కి తాకించడానికి సుమారు 250 గ్రాముల బలం కావాలి.

అదే ఎత్తు 0.4 అయితే 125 గ్రాములు చాలు.

12వ ఫ్రెట్ దగ్గర ఎత్తు 2 మిల్లీమీటర్లు ఉన్నా, కావాల్సింది 130 గ్రాములే.

ఇది తీగ ఫ్రెట్‌ని కేవలం తాకడానికి పట్టే బలం. శబ్దం శుభ్రంగా రావాలంటే ఇంకొంచెం నొక్కాలి. పోలిక మాత్రం ఇలాగే ఉంటుంది. చూశారా, మధ్యలో 2 మిల్లీమీటర్లు నొక్కడం కన్నా నట్ పక్కన అర మిల్లీమీటర్ తేడాయే వేళ్లని ఎక్కువ ఏడిపిస్తుంది. మధ్యలో తీగ సాగడానికి చోటుంది, నట్ పక్కన లేదు.

ఇప్పుడు ఎఫ్ కార్డ్ సంగతి ఆలోచించండి (ఇది వాయించే కార్డ్, బ్యాంకుది కాదు). చూపుడు వేలిని అడ్డంగా వేసి మొదటి ఫ్రెట్ దగ్గరే తీగలన్నీ ఒకేసారి నొక్కాలి. గిటార్ మానేసినవాళ్లలో చాలామంది ఆగింది అక్కడే. అందులో ఎంతమందికి సమస్య వేళ్లలో కాకుండా నట్‌లో ఉందో!

మా చెల్లి గిటార్‌లో మొదటి ఫ్రెట్ మీద ఒక కార్డు పెట్టి చూశాను. ఒకటో తీగ కింద నుంచి అడ్డు లేకుండా వెళ్లిపోయింది. అంటే కనీసం 0.76 ఉంది. ఆ క్షణంలో నాకు తనని చూడాలంటే కాస్త సిగ్గేసింది. ఆరు వారాలు ఆ పిల్ల అవసరమైన దానికి రెట్టింపు బలంతో నొక్కుతోంది.

మిగతా క్లెయిమ్‌ల సంగతి

స్లిమ్ నెక్: నెక్ సన్నగా ఉంటే చిన్న చేతులున్నవాళ్లకి పట్టు బాగుంటుంది, బొటనవేలు తక్కువ అలిసిపోతుంది. ఇది నిజమే. కానీ నెక్ మందానికీ, తీగ నొక్కే బలానికీ సంబంధం లేదు. ఫోన్ సన్నగా ఉంటే జేబులో బాగా పడుతుంది, ప్రాసెసర్ స్పీడ్ పెరగదు కదా. ఇదీ అంతే.

కోటెడ్ స్ట్రింగ్స్: తీగ మీద సన్నటి పూత వేస్తారు. చెమట, తేమ తగిలినా తుప్పు త్వరగా పట్టదు, వేలు జరిపినప్పుడు కీచుమనే శబ్దం తగ్గుతుంది. వైజాగ్ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లో ఇది పనికొచ్చే ఫీచరే. నొప్పి తగ్గించే ఫీచర్ మాత్రం కాదు. బిగువు అంతే ఉంటుంది.

కట్‌అవే బాడీ: గిటార్ ఒంట్లో ఒక పక్క కోసినట్టు ఉండే డిజైన్. పై ఫ్రెట్ల దాకా చెయ్యి వెళ్లడానికి ఇది. మొదటి ఏడాది దీని అవసరం దాదాపు రాదు. ఫొటోలో మాత్రం బాగుంటుంది.

ట్రస్ రాడ్ ఉంది: నెక్ లోపల ఉండే ఇనప కడ్డీ ఇది. గిబ్సన్ కంపెనీ 1920లలోనే దీనికి పేటెంట్ తీసుకుంది. ఇప్పుడు దాదాపు ప్రతి స్టీల్ తీగల గిటార్‌లోనూ ఉంటుంది, ఇది స్పెషల్ ఫీచరేమీ కాదు. పైగా దీని పని నెక్ వంపుని సరిచేయడం. ‘యాక్షన్ తగ్గించాలంటే ఈ స్క్రూ తిప్పండి’ అని ఎవరైనా చెప్తే వినకండి. తెలియకుండా గట్టిగా తిప్పితే నెక్ పాడవుతుంది.

ఫ్రెట్ల మీద ఎల్ఈడీ లైట్లు, యాప్, టచ్ స్క్రీన్: మన సైట్ పాఠకులు టెంప్ట్ అయ్యేది వీటికే, నేనూ అయ్యాను. వేలు ఎక్కడ పెట్టాలో లైటు చెప్తుంది. ఎంత గట్టిగా నొక్కాలో నట్ చెప్తుంది. యాప్ అప్‌డేట్ వస్తుంది, నట్‌కి అప్‌డేట్ రాదు.

నిజంగా ఈజీ చేసేవి ఏవి?

అన్నీ అబద్ధాలే అనడం లేదు. కొన్నింటి వెనక నిజమైన ఇంజినీరింగ్ ఉంది. వాటిని గుర్తుపట్టడం తేలిక: వాటికి నంబర్ ఉంటుంది.

మొదటిది, సన్న తీగలు. ఒకటో తీగ 12 గేజ్ బదులు 10 గేజ్ వేస్తే దాని బిగువు సుమారు 30 శాతం తగ్గుతుంది. మందం స్క్వేర్‌తో బిగువు మారుతుంది, అందుకే ఇంత తేడా. బదులుగా సౌండ్ కాస్త పల్చబడుతుంది. నేర్చుకునేటప్పుడు అది నష్టం కాదు.

రెండోది, షార్ట్ స్కేల్. తీగ పొడవు 25.5 అంగుళాల బదులు 24.9 ఉంటే, అదే శ్రుతికి బిగువు సుమారు 5 శాతం తగ్గుతుంది. ఫ్రెట్లు కాస్త దగ్గరవుతాయి కాబట్టి చిన్న చేతులకి మంచిది. ఉపయోగం నిజమే, కానీ 5 శాతం అంటే 5 శాతమే. అద్భుతాలు జరగవు.

మూడోది, పైసా ఖర్చు లేనిది. ఆరు తీగల్నీ ఒక హాఫ్ స్టెప్ కిందకి ట్యూన్ చేయండి. బిగువు సుమారు 11 శాతం తగ్గుతుంది. ఫుల్ స్టెప్ దించితే 20 శాతం. అంటే షార్ట్ స్కేల్ గిటార్ ఇచ్చే లాభం కన్నా ట్యూనర్ యాప్‌తో మీరు చేసుకునేదే ఎక్కువ! పాటతో పాటు వాయించాలంటే మొదటి ఫ్రెట్‌కి కేపో పెట్టుకుంటే మళ్లీ అసలు శ్రుతికి వచ్చేస్తుంది. కేపో పెడితే నట్ ఎత్తు గొడవ కూడా ఉండదు.

నాలుగోది, నైలాన్ తీగల క్లాసికల్ గిటార్. స్టీల్ 12 గేజ్ సెట్ ఆరు తీగల మొత్తం బిగువు 74 కిలోల దాకా ఉంటే, నైలాన్‌ది సుమారు 40 కిలోలు. వేళ్లకి నిజంగా మెత్తన. కాకపోతే నెక్ వెడల్పు ఎక్కువ: నట్ దగ్గర స్టీల్ గిటార్ 43 మిల్లీమీటర్లుంటే ఇది 52 ఉంటుంది. సౌండ్ కూడా వేరు. ఒక హెచ్చరిక: క్లాసికల్ గిటార్‌కి స్టీల్ తీగలు ఎప్పుడూ వేయకండి. ఆ బిగువుకి బ్రిడ్జ్ ఊడి వచ్చేస్తుంది.

నెక్ డిజైన్‌లో కూడా మంచి పనులు జరిగాయి. టేలర్ కంపెనీ 1999లో తెచ్చిన నెక్‌ని బోల్టులు విప్పి, లోపల సన్నటి ముక్కలు మార్చి, కోణం సరిచేయొచ్చు. అంటే ఏళ్లు గడిచి యాక్షన్ పెరిగినా తేలిగ్గా మళ్లీ దించొచ్చు. అలాంటి పనికి డబ్బులు అడిగితే అర్థముంది. కానీ అది ఖరీదైన గిటార్ల లోకం. అక్కడి ‘ఈజీ’ అన్న మాటని మాత్రమే అరువు తెచ్చుకుని 8 వేల గిటార్ మీద అంటిస్తే అది స్టిక్కర్, ఇంజినీరింగ్ కాదు.

బాక్స్‌లో సరిగ్గా ఉన్నా ఇంట్లో అలాగే ఉండదు

ఇంకో విషయం ఏ లిస్టింగ్‌లోనూ ఉండదు. గిటార్ చెక్కతో చేసింది. చెక్క తేమని పీలుస్తుంది, వదులుతుంది. గాల్లో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే గిటార్‌కి సుఖం. మన విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో వానాకాలం ఎలా ఉంటుందో తెలుసుగా. తేమ ఎక్కువైతే పైపలక ఉబ్బి బ్రిడ్జ్ లేస్తుంది, యాక్షన్ పెరుగుతుంది. హైదరాబాద్ ఎండాకాలంలో, అందులోనూ ఏసీ గదిలో, దీనికి రివర్స్: పలక కుంగి తీగలు ఫ్రెట్లకి తగులుతాయి. కాబట్టి ఫ్యాక్టరీలో ‘లో యాక్షన్’ పెట్టి పంపినా మీ ఇంటికి వచ్చాక ఆరు నెలలకి అదే ఉంటుందన్న గ్యారంటీ లేదు. గిటార్‌కి సెటప్ అనేది బైక్‌కి సర్వీసింగ్ లాంటిది.

రిపేర్ షాపులో 800 రూపాయలు

ఆ గిటార్‌ని నాతో పాటు ట్రైన్‌లో తీసుకొచ్చి సికింద్రాబాద్‌లో గిటార్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. పేజీలో ఏం రాశారో చెప్పబోతే ఆయన నవ్వి, ‘రాతలు వదిలెయ్ బాబూ, ముందు గిటార్ని చూద్దాం’ అన్నారు. మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి, మొదటి ఫ్రెట్ మీద సందు చూపించారు. అక్కడ ఒక కాగితం పట్టేంత సందు ఉంటే చాలట. మాదాంట్లో కాగితాల కట్టే పట్టేలా ఉంది.

ముందు నెక్ వంపు కాస్త సరిచేశారు. 12వ ఫ్రెట్ దగ్గర 3.5 ఉన్నది 3.2కి వచ్చింది. తర్వాత సన్నటి ఆకురాళ్లతో నట్ గాళ్లు ఒక్కొక్కటీ లోతు చేశారు. చివరికి బ్రిడ్జ్ మీది సాడిల్ తీసి అడుగు అరగదీశారు. ఇంకో 0.8 మిల్లీమీటర్లు దించాలి కదా, మరి 1.6 ఎందుకు తీస్తున్నారని అడిగాను. 12వ ఫ్రెట్ తీగకి సరిగ్గా సగంలో ఉంటుంది కాబట్టి, అక్కడ ఎంత దించాలంటే సాడిల్ దగ్గర దానికి రెట్టింపు తీయాలన్నారు. సిమిలర్ ట్రయాంగిల్స్! పదో తరగతిలో చదివింది మొదటిసారి పనికొచ్చింది.

10 గేజ్ తీగలు వేయించాను. గంటన్నర పని, తీగలు కాక 800 రూపాయలు. ఇప్పుడు 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ కింద మూడు కార్డులు బొటాబొటిగా వెళ్తున్నాయి, నాలుగోది వెళ్లదు. మొదటి ఫ్రెట్ దగ్గర ఒక్క కార్డు కూడా వెళ్లదు.

అక్కడే ఆయన షాపులో ఉన్న ఇంకో నాలుగు గిటార్లు కొలవనిచ్చారు. వాటిలో అన్నిటికన్నా తేలిగ్గా ఉన్నది ఒక పాత, గీతలు పడ్డ, ఏ ఈజీ స్టిక్కరూ లేని గిటార్. అన్నిటికన్నా ఎత్తుగా ఉన్నది కొత్తగా వచ్చిన ఒక ‘బిగినర్ ఎడిషన్’. ఐదు గిటార్లతో ఏదీ నిరూపించలేం. కానీ స్టిక్కర్ చూసి కొనకూడదని నాకు అర్థం కావడానికి అవి చాలు.

కొనే ముందు ఇవి చూడండి

• షాపుకి నాలుగు ఏటీఎం కార్డులు, ఫోన్ తీసుకెళ్లండి. ముందు ట్యూనర్ యాప్‌తో శ్రుతి చేయించండి. వదులుగా ఉన్న తీగ ఏ గిటార్‌లోనైనా ఈజీగానే ఉంటుంది.

• 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ కింద నాలుగు కార్డులు తేలిగ్గా వెళ్తే యాక్షన్ ఎక్కువ.

• మొదటి ఫ్రెట్ దగ్గర ఒకటో తీగ కింద ఒక కార్డు వెళ్తే నట్ ఎత్తుగా ఉంది.

• మొదటి ఫ్రెట్‌కి కేపో పెట్టి వాయించి చూడండి. ఒక్కసారిగా తేలికైపోతే సమస్య నట్‌లోనే ఉంది, మీ వేళ్లలో లేదు.

• ప్రతి ఫ్రెట్ దగ్గరా ఒక్కో తీగ నొక్కి మీటండి. జర్రుమంటే యాక్షన్ మరీ తగ్గించేశారన్నమాట.

• ఆన్‌లైన్‌లో అయితే యాక్షన్ ఎన్ని మిల్లీమీటర్లో, తీగలు ఏ గేజో అడగండి. చెప్పకపోతే ‘ఈజీ’ అన్న మాటని లెక్కలోకి తీసుకోకండి. వచ్చిన రోజే కార్డు టెస్ట్ చేయండి, రిటర్న్ గడువు దాటనివ్వకండి.

• బడ్జెట్ 8 వేలైతే 7 వేల గిటార్ కొని, మిగతా వెయ్యి సెటప్‌కి ఉంచండి.

నా వెర్డిక్ట్

‘వేళ్లకి నొప్పి ఉండదు’ అన్న క్లెయిమ్‌కి సున్నా మార్కులు. స్టీల్ తీగలు నొక్కితే మొదటి కొన్ని వారాలు ఎవరికైనా నొప్పి ఉంటుంది, వేలి కొసలు గట్టిపడేదాకా. దాన్ని ఏ కంపెనీ తీసేయలేదు. కానీ ఉండాల్సిన నొప్పి వేరు, నట్ సరిగ్గా తీయనందువల్ల వచ్చే నొప్పి వేరు. రెండోదానికి మీరు బాధ్యులు కారు.

గిటార్ మళ్లీ వైజాగ్ పంపించాను. చెల్లికి ఫోన్ చేసి ‘తప్పు నీ వేళ్లది కాదు, చూసుకోకుండా కొన్న నాది’ అని చెప్పాను. తను నమ్మలేదు. రెండు రోజుల తర్వాత వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. మాటలేం లేవు, ఎఫ్ కార్డ్ ఒక్కటే, నాలుగైదుసార్లు. రెండో తీగ ఇంకా సరిగ్గా పలకడం లేదు. మిగతా ఐదూ పలికాయి.